హేవ్‌లాక్‌లో తొమ్మిది రోజులు, ఆరు మునకలు

నీటి అడుగున ఊపిరి పీల్చడం నేర్పేవాళ్లు మొట్టమొదట చెప్పే నియమం ఒకటే: ఎట్టి పరిస్థితిలోనూ ఊపిరి బిగబట్టకూడదు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన నాలాంటివారికి ఈ మాట తలకెక్కడానికి కొంత సమయం పడుతుంది. నీళ్లలోకి దిగడమంటే మాకు మునక వేయడం. మునక అంటే రెండు వేళ్లతో ముక్కు మూసుకొని, ఊపిరి బిగబట్టి, తల పూర్తిగా తడిసేదాకా వంగి లేవడం. 2015 పుష్కరాల్లో అమ్మ చేయి పట్టుకొని గోదావరిలో వేసిన మూడు మునకలూ అలాగే వేశాను. మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో చేసిన సముద్రస్నానమూ అంతే. అటువంటిది, మొన్న ఫిబ్రవరిలో అండమాన్ దీవుల్లో ఒకటైన హేవ్‌లాక్‌కు వెళ్లి, 44 ఏళ్ల వయసులో స్కూబా డైవింగ్ నేర్చుకున్నప్పుడు, నా ఊపిరితో నాకు కొత్తగా పరిచయం ఏర్పడినట్లు అనిపించింది. ఆ తొమ్మిది రోజుల సంగతులు మరచిపోకముందే రాసుకోవాలని కూర్చున్నాను.

అండమాన్ వెళ్లడం నాకు ఇది మొదటిసారి కాదు. మూడేళ్ల క్రితం బంధువులతో కలిసి అయిదు రోజుల ప్యాకేజీ ప్రయాణంలో వెళ్లాను. ఆ ప్రయాణంలో స్కూబా కూడా ఒక అంశంగా ఉండేది. ఒడ్డున పది నిమిషాలు ఏవో సైగలు చెప్పి, నడుముకు సీసపు బరువులు కట్టి, వీపుకు సిలిండర్ తగిలించి, ఒక కుర్రవాడు నా వీపు మీది పట్టీ పట్టుకొని నన్ను నీళ్లలోకి తీసుకువెళ్లాడు. నా వెనుక ఇంకా పదిమంది వరుసలో ఉన్నారు కాబట్టి అతనికి తొందర. చెవులు సర్దుకున్నాయో లేదో చూడకుండానే కిందికి దింపేశాడు. కుడి చెవిలో సూది దించినంత నొప్పి పుట్టింది. నేను చేసిన సైగ అతను చూసేలోపు మరో రెండు మీటర్లు దిగాము. పైకి వచ్చాక నా చేతికి ఒక వీడియో ఇచ్చారు. అందులో నేను చేపల మధ్య ఉన్నాను గానీ, ఆ చేపల్లో ఒక్కటి కూడా నాకు జ్ఞాపకం లేదు. ఆ చెవి బాగుపడడానికి మూడు వారాలు పట్టింది. సముద్రాన్ని ఎవరో నాకు చూపించినట్లే చూపించి లాగేసుకున్నారన్న బాధ మాత్రం చెవి నొప్పి తగ్గాక కూడా పోలేదు.

అందుకే ఈసారి మావారిని ఒప్పించి, ఒక్క దీవిలోనే తొమ్మిది రోజులు ఉండేలా ఏర్పాటు చేసుకున్నాము. కాకినాడలో సముద్రం పక్కనే పెరిగినా నాకు ఈత వచ్చింది నలభయ్యవ ఏట, అదీ ఈతకొలనులో. మా వైపు తీరానికి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల సముద్రం చెరువులా నెమ్మదిగా ఉంటుంది. అయినా ఆడపిల్లలు మోకాలి లోతు దాటి దిగినట్లు నాకు గుర్తు లేదు. ఓపెన్ వాటర్ అనే ప్రాథమిక శిక్షణకు 200 మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, పది నిమిషాలు నీటిపై తేలుతూ ఉండగలగాలి. ఎంత సేపట్లో ఈదాలన్న నియమం లేదు. ఆ రెండూ చేయగలనని నమ్మకం కుదిరాకే టికెట్లు తీసుకున్నాను. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఉన్నాయా అని అడిగే ఆరోగ్య పత్రం ఒకటి ముందే నింపాలి. పాత చెవి సంగతి దాచకుండా రాసి, మా ఊరి చెవి వైద్యుడికి చూపించుకొని ధ్రువపత్రం కూడా తీసుకువెళ్లాను.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. హేవ్‌లాక్ కూడా 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్. అయితే పడవవాళ్లూ, కొట్లవాళ్లూ ఇప్పటికీ పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన తెలుగువారికి అది పరాయి ఊరనిపించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్ చేపలరేవు చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నాయి. అక్కడ ఒక ఉదయం నిలబడితే వంజరం ధర గురించి మన యాసలో జరిగే బేరాలు వినిపిస్తాయి. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఓడలో గంటన్నర, ప్రభుత్వ ఓడలో అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ప్రభుత్వ ఓడలో పైడెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు కాబట్టి, సమయం ఉన్నవారికి నేను దానినే సూచిస్తాను.

శిక్షణ మొదటిరోజు ఛాతీ లోతు నీళ్లలోనే గడిచింది. గోవింద్‌నగర్ తీరాన ఇసుకలో మోకాళ్లపై కూర్చొని, నోట్లో రెగ్యులేటర్ పెట్టుకొని, తల నీళ్లలో ముంచి ఊపిరి పీల్చాలి. అంతవరకు నేను అందరిలాగే వీపున తగిలించేదానిని ఆక్సిజన్ సిలిండర్ అనే అనుకునేదానిని. నిజానికి అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే. దానిలోని తేమను తీసేసి, 200 బార్ పీడనం వరకు కుదించి నింపుతారు. ఒక సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. ఆ ఎక్కువ పీడనాన్ని, మనం ఉన్న లోతుకు సరిపడేంతగా తగ్గించి, పీల్చినప్పుడు మాత్రమే అందించే పని రెగ్యులేటర్‌ది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు కలిసి ఈ ఏర్పాటును రూపొందించారు. అంతకు ముందు నీటిలో దిగేవారిలో ఎక్కువమంది బరువైన శిరస్త్రాణంతో, పైనున్న పడవకు గొట్టంతో కట్టుబడి నడవాల్సి వచ్చేది. చేప లాగా ఎటు కావాలంటే అటు తిరగగల స్వేచ్ఛ మనిషికి దొరికి ఎనభై ఏళ్లు దాటిందంతే.

మొదటి ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తుంది. తల నీళ్లలో ఉంది, ముక్కు మాస్కులో మూసుకుపోయి ఉంది, నలభై ఏళ్ల అలవాటు గొంతును బిగించేసింది. శిక్షకుడు నా కళ్లలోకి చూస్తూ తన అరచేతిని నెమ్మదిగా పైకి, నెమ్మదిగా కిందికి కదిపాడు. దానితో పాటు లోపలికి పీల్చాను. చల్లగా, పొడిగా, కొంచెం రబ్బరు రుచితో గాలి వచ్చింది. వదిలినప్పుడు బుడగలు చెంపల పక్కనుంచి గలగలమంటూ పైకి పోయాయి. ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం అని మూడు దశలు చెబుతారు కదా. ఇక్కడ ఊపిరి నిలిపే కుంభకం లేదు. పూరకం, రేచకం మాత్రమే, ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా తెగకుండా. దీనికి బలమైన కారణం ఉంది. పది మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, పీడనం తగ్గుతున్న కొద్దీ ఆ గాలి వ్యాకోచించి రెట్టింపు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు దానిని తట్టుకోలేక చిరిగిపోవచ్చు. అందుకే రెగ్యులేటర్ నోటి నుంచి జారిపోయినప్పుడు కూడా, దానిని తిరిగి అందుకునే వరకు పెదవుల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

మాస్కు నిండా నీళ్లు నింపుకొని, ముక్కుతో గాలి ఊది వాటిని బయటికి పంపడం నాకు అన్నిటికంటే కష్టమైంది. ముక్కులో ఉప్పు నీరు తగలగానే శరీరం లేచి నిలబడమంటుంది. మొదటి రెండుసార్లు నేను లేచి నిలబడ్డాను. శిక్షకుడు ఒక్క మాట కూడా తొందరపెట్టలేదు. ఆయన కరెన్ తెగకు చెందిన యువకుడు. ఆ తెగవారిని 1925 ప్రాంతంలో బర్మా నుంచి మధ్య అండమాన్‌కు తీసుకువచ్చారు, మాయాబందర్ దగ్గరి వేబీ వారి తొలి గ్రామం. గాలి గొట్టాలు లేని రోజుల నుంచీ ఈ నీళ్లను ఎరిగిన కరెన్ పడవవాళ్లు ఇక్కడి లోతుల్లో చాలావాటిని బయటివారికి చూపించారు; హేవ్‌లాక్ చుట్టుపక్కల పేరుపొందిన డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ వంటి చోట్లకు వారి పేర్లే నిలిచాయని అక్కడివారు చెబుతారు. మూడోసారి మాస్కులోంచి నీళ్లు పూర్తిగా పోయి, మసకబారిన ఇసుక స్పష్టంగా కనిపించినప్పుడు, ఎదురుగా ఆయన రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టాడు.

చెవుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి దిగేవారిలో ఎక్కువమంది భయపడేదీ, నష్టపోయేదీ అక్కడే. కర్ణభేరికి వెనుక ఉన్న చిన్న గదిలోని గాలికి, గొంతు నుంచి వచ్చే ఒక సన్నని నాళం మాత్రమే దారి. లోతుకు వెళ్లే కొద్దీ బయటి నీరు కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకొని, నోరు మూసి, మెల్లగా గాలి ఊదితే ఆ నాళం తెరుచుకొని లోపలి పీడనం కూడా సరిసమానమవుతుంది, చెవిలో చిన్నగా కటుక్కుమంటుంది. పీడనంలో తేడా నిష్పత్తి ప్రకారం చూస్తే మొదటి పది మీటర్లలోనే అత్యధికం, కాబట్టి ఈ పని నొప్పి పుట్టాక కాకుండా, నొప్పి పుట్టకముందే, ప్రతి అరమీటరుకూ మీటరుకూ చేస్తూ దిగాలి. ఒకసారి నొప్పి వచ్చాక బలంగా ఊదితే మరింత హాని. రెండో రోజు నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర తాడు పట్టుకొని దిగుతున్నప్పుడు మూడు మీటర్ల దగ్గర నా కుడి చెవి పాత పంతం పట్టింది. పైకి వచ్చేశాను. ఒడ్డున సిలిండర్లు మోసే కుర్రవాడు, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబంలో పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాడు, నా ముఖం చూసి దగ్గరికి వచ్చాడు.

“అక్కా, సెవి ఇడకపోతే మూరెడు పైకి రండి, మల్లీ దిగండి. తొందరేటి? సముద్రం ఎక్కడికీ పోదు కదా” అన్నాడు.

మూరెడు పైకి, మళ్లీ కిందికి. అలా నాలుగుసార్లు చేసేసరికి కుడి చెవిలో కీచుమని ఒక సన్నటి శబ్దం వచ్చి దారి తెరుచుకుంది. ఆ తరువాత అడుగుకు చేరడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టింది. శిక్షకుడు ఆ పదకొండు నిమిషాలూ నా ఎదురుగా, నా కళ్ల ఎత్తులోనే, తాడుకు అవతలి పక్క ఉన్నాడు. మూడేళ్ల క్రితం నాకు దక్కవలసి ఉండి దక్కనిది ఇదే: ఒక మనిషి చెవి తెరుచుకునేదాకా మరో మనిషి వేచి ఉండడం.

అడుగున ఏముందో చెప్పబోయే ముందు రంగుల గురించి ఒక చిన్న సంగతి. ప్రయాణానికి ముందు మా పక్కింటి పెరట్లోని గోరింటాకు తెచ్చి, రుబ్బి, రెండు చేతులకూ పెట్టుకున్నాను. బాగా ఎర్రగా పండింది. పన్నెండు మీటర్ల లోతులో చేయి ముందుకు చాచి చూసుకుంటే, ఆ ఎరుపు లేదు. వేళ్ల చివరలు కాల్చిన కట్టె కొసల్లా నల్లటి గోధుమరంగులో ఉన్నాయి. నీరు సూర్యకాంతిలోని ఎరుపును అన్నిటికంటే ముందు పీల్చేసుకుంటుంది; అయిదారు మీటర్లు దాటేసరికే అది చాలా వరకు పోతుంది, తరువాత నారింజ, ఆపైన పసుపు. శిక్షకుడు టార్చి వెలిగించి నా చేతి మీద వేయగానే, గోరింటాకు ఒక్కసారిగా ఎర్రగా వెలిగింది. టార్చి ఆపేయగానే మళ్లీ నలుపు. అదే టార్చి వెలుగును బూడిదరంగుగా కనిపిస్తున్న స్పాంజి అనే ఒక సముద్రజీవి మీద వేస్తే, అది కుంకుమ రాశిలా ఉంది. అక్కడి జీవులన్నీ ఇంత రంగును తమలో దాచుకొని, దానిని చూపే వెలుతురు లేని చోట బతుకుతున్నాయి.

సినిమాలోని నీమో చేప పేరు పెట్టుకున్న నీమో రీఫ్ పేరుకు తగ్గట్టే, ఎనిమోన్లనే సముద్రజీవుల మధ్య ఆ నారింజ చారల చేపలు కుటుంబంగా కనిపించాయి. ఎనిమోన్ చూడడానికి గాలికి ఊగే మెత్తటి గడ్డిలా ఉంటుంది గానీ, దాని వేళ్లు ఇతర చేపలను కుడతాయి. ఈ చేపలను మాత్రం కుట్టవు. ఒక్కో ఎనిమోన్‌లో అన్నిటికంటే పెద్దది ఆడచేప. అది చనిపోతే, దాని తరువాతి స్థానంలో ఉన్న మగచేప ఆడచేపగా మారుతుంది. ఒక చేప, నా బొటనవేలి కంటే పెద్దది కాదు, నా మాస్కు అద్దం దాకా వచ్చి తన ఇంటికి అడ్డంగా నిలబడింది. నీటిలో మాస్కు గుండా చూస్తే ప్రతి వస్తువూ ఉన్నదానికంటే మూడోవంతు పెద్దగా, కొంత దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి, దాని కోపం కూడా నాకు పెద్దదిగానే కనిపించింది. నేను వెనక్కి జరిగాను.

మూడో రోజు పడవలో వెళ్లి లైట్‌హౌస్ అనే చోట దిగినప్పుడు నేను మొదటగా గమనించింది చప్పుడు. సముద్రం అడుగున నిశ్శబ్దం ఉంటుందని ఎందుకు అనుకున్నానో తెలియదు. పొయ్యి మీద ఆవాలు చిటపటలాడుతున్నట్లు ఎడతెగని సన్నటి శబ్దం అన్ని వైపుల నుంచీ వస్తోంది. చిన్న చిన్న రొయ్యలు తమ కొండిని ఛటుక్కున మూయడం వల్ల పుట్టే చప్పుడట అది. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది, అందువల్ల అది ఏ వైపు నుంచి వస్తోందో మన చెవులు పోల్చుకోలేవు. ఆ చిటపటల మధ్య, ఎవరో పటికబెల్లం కొరుకుతున్నట్లు కరకరమని మరో శబ్దం. తిరిగి చూస్తే ఒక చిలుక చేప, పక్షి ముక్కు లాంటి పళ్లతో పగడపు రాతిని గీరి తింటోంది. రాతి మీది నాచు దానికి ఆహారం. దానితో పాటు మింగిన రాయి దాని కడుపులో పొడి అయి, తెల్లటి ఇసుకగా బయటికి వస్తుంది. నా కళ్లెదుటే అది ముందుకు కదులుతూ వెనుక ఒక ఇసుక పొగను వదిలింది. ఇలాంటి దీవుల తెల్లటి తీరాల్లో కొంత భాగం ఈ చేపల వల్లే ఏర్పడింది. రాధానగర్ తీరాన చెప్పులు విడిచి నడిచినప్పుడు నాకు అదే జ్ఞాపకం వచ్చింది.

అక్కడే ఒక పెద్ద బండ పక్కన, చాలాసేపు కదలకుండా ఉండి చూసిన దృశ్యం మరొకటి ఉంది. వేలెడంత నీలిచారల చేపలు రెండు ఒక మూలను తమ కొట్టుగా ఉంచుకున్నాయి. ఒక పెద్ద గ్రూపర్ చేప వచ్చి, వాటి ముందు నిలిచి, నోరు పూర్తిగా తెరిచింది. ఆ చిన్న చేపల్లో ఒకటి దాని నోట్లోకి వెళ్లి, పళ్ల మధ్య ఏరుకొని, మొప్పల గుండా బయటికి వచ్చింది. పెద్ద చేప నోరు మూయలేదు. దాని వెనుక మరో రెండు చేపలు తమ వంతు కోసం ఆగి ఉన్నాయి. మొత్తం ఆరేడు నిమిషాలు చూశాను. ఇరవై నిమిషాల్లో అన్నీ చూపించి పైకి తెచ్చే మునకలో ఇది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే మనిషి వచ్చాడన్న బెదురు తగ్గి ఆ కొట్టు మళ్లీ తెరుచుకోవడానికే కొంతసేపు పడుతుంది.

ప్రతిదీ బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. పగడం అనేది రాయి కాదు, సూక్ష్మమైన ప్రాణుల వసతి. ఆ ప్రాణుల శరీరాల్లో నివసించే శైవలాలు, అంటే కంటికి కనిపించనంత సన్నటి నాచు, వాటికి ఆహారాన్నీ రంగునూ ఇస్తాయి. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, పగడం ఆ శైవలాలను బయటికి పంపివేసి తెల్లబోతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. అండమాన్‌లో 2010 వేసవిలో ఇది చాలా తీవ్రంగా జరిగింది, 2016లో మళ్లీ జరిగింది. నేను చూసిన చోట్ల బతికిన పగడాల పక్కనే, కొమ్ములు విరిగి నాచు పట్టిన దిబ్బలు విస్తారంగా ఉన్నాయి. ఒక విరిగిన కొమ్మ మీద చిటికెన వేలి గోరంత కొత్త పగడం లేత ఊదారంగులో మొలిచి ఉంది. దానిని చూపిస్తున్నప్పుడు శిక్షకుడు తన చేతిని వెనక్కి కట్టుకొని, గడ్డంతో మాత్రమే సైగ చేశాడు. తాకకూడదు, కాళ్లకు తొడిగే ఫిన్స్‌తో తన్నకూడదు, చేపలకు రొట్టె ముక్కలు వేయకూడదు అని నోటితో చెప్పేవారు చాలామంది ఉన్నారు. అలా చేతులు కట్టుకొని చూపించిన వారిని నేను ఆయననే చూశాను. ఒడ్డున దొరికే గవ్వలూ పగడపు ముక్కలూ కూడా తీసుకురాకూడదు. ఏరుకురావడం నేరం, విమానాశ్రయంలో సంచులు చూస్తారు.

దిగిన రోజుల మధ్య దిగని రోజులు ఉన్నాయి. వాటిని నేను అంతే ఇష్టంతో గుర్తు చేసుకుంటాను. మన దేశపు గడియారాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడకు దగ్గరగానే పోతుంది. హేవ్‌లాక్ దానికి సుమారు పదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి, గడియారం ఒకటే అయినా సూర్యుడు మాత్రం నలభై నిమిషాలు ముందుగా వచ్చి, నలభై నిమిషాలు ముందుగా వెళ్లిపోతాడు. సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి. మొదటి రెండు రోజులు దీనికి ఇబ్బంది పడ్డాము. మూడో రోజు నుంచి అయిదింటికే లేచి, తొమ్మిదింటికే పడుకోవడం అలవాటైంది. మావారు నీళ్లలోకి దిగలేదు, దిగమని నేను అడగలేదు. ఆయన విజయ్‌నగర్ తీరాన వంగిన మహువా చెట్ల నీడలో చాప వేసుకొని పుస్తకాలు చదివారు, ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయినప్పుడు పీతలు ఇసుకను ఉండలుగా చుట్టి పేర్చడం చూశారు. ఇక్కడ ఆటుపోట్ల వేళలు తెలుసుకొని రోజును దానికి అనుగుణంగా మలచుకోవాలి. ఉదయం పడవ తేలిన చోట మధ్యాహ్నం నడవవచ్చు.

ఆరో రోజు ఇద్దరమూ అద్దె స్కూటర్ మీద దీవి చివర దాకా వెళ్లాము. ఇక్కడి ఊళ్ల పేర్లు గోవింద్‌నగర్, విజయ్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి నిరాశ్రయులుగా వచ్చిన కుటుంబాలను 1950లలో ఇక్కడ స్థిరపరిచినప్పుడు పెట్టుకున్న పేర్లు ఇవి. వరిమళ్లు, పోకచెట్లు, అరటితోటలు, పెంకుల బదులు రేకులు వేసిన ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ చిన్న చేపల కుంట. కొంచెం తల వంచి చూస్తే కోనసీమలో ఉన్నట్లే ఉంటుంది. మూడో నంబరు బజారులో ఒక పెద్దావిడ నడిపే భోజనశాలలో ఆవపిండి పులుసులో వండిన చేప, వేడి అన్నం తిన్నాము. ఆవిడకు తెలుగు రాదు, మాకు బెంగాలీ రాదు. అన్నం మారు వడ్డించడానికి భాష అవసరం రాలేదు. సాయంత్రం రాధానగర్ చేరాము. అక్కడి అడవి చెట్లు ఆకాశాన్ని అందుకొన్నట్లుగా ఉండి, వాటి పాదాల దగ్గరే ఇసుక మొదలవుతుంది. జనం ఎక్కువగానే ఉన్నారు. తీరం వెంట ఎడమ వైపు పావుగంట నడిస్తే ఎవరూ లేరు.

నీల్ దీవికి ఒక పూట వెళ్లి వచ్చాము. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని రామాయణం పేర్లున్న ఊళ్లు, కూరగాయల తోటలు. ఒక్క పూటలో చూడవలసిన చోటు కాదది, మరోసారి అక్కడే ఉండాలి.

వెళ్లాలనుకునేవారికి నాకు అనుభవంలో తెలిసిన రెండు మూడు మాటలు. నవంబరు నుంచి మే మొదటి వారాల దాకా సముద్రం అనుకూలంగా ఉంటుంది, జనవరి తరువాత నీరు మరింత తేటపడుతుంది. చివరి మునకకూ విమాన ప్రయాణానికీ మధ్య కనీసం 18 గంటల విరామం తప్పనిసరి. లోతులో రక్తంలోకీ కణజాలంలోకీ చేరిన నత్రజని నెమ్మదిగా బయటికి పోవాలి, అది పోకముందే పీడనం తక్కువగా ఉండే విమానం ఎక్కితే బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. ప్యాకేజీల్లో ఉదయం మునక, సాయంత్రం విమానం అని రాసి ఉంటే ఆ ప్యాకేజీని వదిలేయండి. ఒక్కసారి మాత్రమే దిగి చూడాలనుకునేవారు కూడా, ఒక శిక్షకుడికి ఒక్కరే ఉండేలా అడగండి; ఎంత సేపు నేర్పుతారో, చెవి నొప్పి పుడితే ఏం చేస్తారో ముందే అడగండి. సమాధానం చెప్పడానికి విసుక్కునేవారి దగ్గర దిగకండి. ఈ మాట నేను కోపంతో రాయడం లేదు, ఒక చెవిని దాదాపు పోగొట్టుకొని తెలుసుకొని రాస్తున్నాను.

శిక్షణ పూర్తయ్యాక ఏడో రోజున మరో రెండు మునకలు వేశాను. అప్పటికి ఒక మార్పు కొలతల్లో కనబడసాగింది. పద్దెనిమిది మీటర్ల లోతులో పీడనం పైన ఉన్నదానికి 2.8 రెట్లు, కాబట్టి ప్రతి ఊపిరికీ అన్ని రెట్ల గాలి ఖర్చవుతుంది. కంగారుగా పీల్చేవారి సిలిండర్ చూస్తుండగానే తరిగిపోతుంది. రెండో రోజు నా సిలిండర్ 27 నిమిషాలకే 50 బార్‌కు చేరి, నా వల్ల అందరూ పైకి రావలసి వచ్చింది. అప్పుడు నేను చేతులు ఊపుతున్నాను, కాళ్లు తన్నుతున్నాను, ప్రతి చేప వెంటా వెళుతున్నాను. ఏడో రోజుకు చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఊపిరి నిండినప్పుడు ఒక జానెడు పైకి, వదిలినప్పుడు ఒక జానెడు కిందికి, ఒకే చోట తేలుతూ ఉండగలిగాను. ఊపిరితోనే శరీరం లేచి దిగుతుందని తెలిశాక కాళ్లతో పని తగ్గింది. పైకి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలన్న నియమం ఉంది. ఆ మూడు నిమిషాల్లో తల పైకెత్తి చూస్తే నీటి పైకప్పు కిందివైపు నుంచి కనిపిస్తుంది; వెండిరేకు మీద ఎవరో వేలితో గీస్తున్నట్లు అలలు కదులుతాయి, వాటి మీద మా పడవ అడుగు నల్లటి ఆకులా ఊగుతుంది.

పడవ ఎక్కాక, తువ్వాలు కప్పుకొని, తడి వేళ్లతోనే నా లాగ్ పుస్తకం తెరిచాను. ఆ పుస్తకంలో ప్రతి మునకకూ ఒక పేజీ ఉంటుంది. ఆరో పేజీలో ఇలా రాసుకున్నాను: చోటు, అక్వేరియం. అత్యధిక లోతు, 17.4 మీటర్లు. నీటిలో ఉన్న సమయం, 46 నిమిషాలు. మొదట్లో 200 బార్, చివర 60 బార్. ‘చూసినవి’ అన్న గడిలో చిలుక చేపలు, ఒక పాము చేప, రెండు చారల రొయ్యలు, లేత ఊదారంగు పగడం అని రాసి, కాసేపు ఆలోచించి, ‘కుడి చెవి మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంది’ అని చేర్చాను. సిలిండర్లు దించుతున్న శ్రీకాకుళం తమ్ముడు నా భుజం మీదుగా చూసి, తనకు తెలుగు చదవడం రాదనీ, అందులో ఏం రాశానో చదివి వినిపించమనీ అడిగాడు. చదివాను. పడవ గోవింద్‌నగర్ వైపు తిరిగింది.